చిన్న కారు చేసిన తప్పేంటి?

కమ్మర్‌పల్లి చుట్టుపక్కల ఇప్పుడొక అభిప్రాయం గట్టిగా పాతుకుపోయింది. గల్ఫ్‌లో నాలుగు పైసలు వెనకేసుకున్నవాడు, కొడుకు అమెరికాలో స్థిరపడినవాడు, పసుపు ధర కలిసొచ్చిన ఏడు రెండెకరాలు కొన్నవాడు ఎవరైనా సరే, వాకిట్లో ఉన్న పాత చిన్న కారును ముందు అమ్మెయ్యాలి. ఆ జాగాలోకి కప్పు వెనక్కి వాలిన, రెండే తలుపులున్న, స్టార్ట్ చేస్తే వాడకట్టంతా తిరిగి చూసే బండి రావాలి. “ఏంది కాకా, ఇంకా గీ డబ్బ కారేనా? పదేండ్లు దుబాయ్ చేసినవ్, రెండంతస్తుల బిల్డింగ్ కట్టినవ్. ఇది అమ్మి మంచి స్పోర్ట్స్ కారొకటి తీస్కోరాదు!” అని హోటల్ కాడ చాయ్ తాగుతూ ఎవరో ఒకరు అంటారు. పక్కనున్నవాళ్లు అవునంటారు. ఆ కాక ఇంటికి పోయి తన ఆల్టోను కొత్తగా చూడటం మొదలుపెడతాడు. నిన్నటిదాకా కనపడని గీతలన్నీ అప్పుడు కనపడతాయి.

ఈ అభిప్రాయం తప్పని నా వాదన. పాత బండి మీది మమకారంతో అంటున్న మాట కాదిది. లెక్క వేసి చూసినా తప్పే, చట్టం పేరు చెప్పి చేసే ప్రచారం చూసినా తప్పే, మన రోడ్లను చూసినా తప్పే. అన్నింటికీ మించి, చిన్న కారును అమ్మడానికి పైకి చెప్పే కారణం ఒకటి, లోపలిది ఇంకొకటి.

ముందు అవతలి పక్షానికి న్యాయం చేద్దాం. ఈ మాట అనేవాళ్లు తెలివితక్కువవాళ్లేం కాదు. ఆర్మూర్ నుంచి మెట్‌పల్లి పోయే 63వ నంబరు జాతీయ రహదారి మీది ఊరు మాది. పసుపు, మక్క, ఎర్రజొన్న, వరి మా పంటలు. పసుపు పరిశోధన కేంద్రం కూడా ఇక్కడే ఉంది. అయినా పంటనే నమ్ముకుంటే పూట గడవని ఏండ్లు ఎన్నో చూశాం. 2019 పార్లమెంటు ఎన్నికల్లో నిజామాబాద్ సీటుకు 185 మంది పోటీ చేస్తే, అందులో 170 మందికి పైగా రైతులే. పసుపుకు, ఎర్రజొన్నకు ధర లేక కడుపుమండి నామినేషన్లు వేసినవాళ్లు. అలాంటి పల్లెల నుంచి మగవాళ్లు దుబాయ్, మస్కట్, కువైట్, సౌదీ బాట పట్టారు. అక్కడ కఫీల్ అనే యజమాని ఇంట్లో డ్రైవరుగా చేరినవాడు పొద్దున్నే ఎవరిదో స్పోర్ట్స్ కారు కడిగి, తుడిచి, నీడన పెట్టి వచ్చాడు. ఆ స్టీరింగ్ తనది కావాలని అతనికి అనిపించడంలో వింతేమీ లేదు. ఆ కోరికను వెక్కిరించే హక్కు నాకే కాదు, ఎవరికీ లేదు. నా పోట్లాట ఆ కోరికతో కాదు. ఆ కోరిక తీరాలంటే చిన్న కారును వదిలించుకోవాలని పెట్టే షరతుతో.

ఇక లెక్కలోకి వద్దాం. “ఇది అమ్మి అది కొను” అనడంలోనే ఒక మోసం ఉంది. ఇది అమ్మితే అది వస్తుందన్నట్టు వినిపిస్తుంది. రాదు. పదేండ్లు దాటిన ఆల్టోకు లక్షన్నర పలికిందనుకుందాం. హైదరాబాద్‌లో సెకండ్ హ్యాండ్‌లో రెండు తలుపుల స్పోర్ట్స్ కారు 45 లక్షలకు దొరికిందనుకుందాం. కొత్తదైతే ఆ ధరకు ఆశే పెట్టుకోవద్దు. ఫోర్డ్ మస్టాంగ్ 2016లో మన దేశానికి వచ్చినప్పుడే ఢిల్లీ షోరూం ధర 65 లక్షలు. సరే, 45 లక్షల బండికి పది లక్షలు చేతి నుంచి పెట్టి, 35 లక్షలు తొమ్మిదిన్నర శాతం వడ్డీకి ఏడేండ్ల మీద తెచ్చాడనుకుందాం. నెల కిస్తీ 57 వేలు దాటుతుంది. ఏడేండ్లలో కట్టేది మొత్తం 48 లక్షలు, అందులో 13 లక్షలు వట్టి వడ్డీ.

ఈ అంకెలను పసుపులోకి మార్చి చూస్తే అసలు రంగు తెలుస్తుంది. క్వింటాలు 12 వేలు పలికిందనుకున్నా, ఏడాది కిస్తీలకు 57 క్వింటాళ్లు కావాలి. ఎకరాకు ఇరవై, ఇరవై అయిదు క్వింటాళ్ల ఎండు పసుపు వస్తే బాగా పండినట్టు లెక్క. అంటే రెండున్నర ఎకరాల్లో, జూన్‌లో విత్తనం పెట్టి ఎనిమిది తొమ్మిది నెలలు కాపాడిన పంట మొత్తం ఒక్క కారు కిస్తీకే పోతుంది. విత్తనం, ఎరువు, తవ్వకం కూలి, ఉడకబెట్టడం, పాలిష్, మార్కెట్‌కు కిరాయి, ఇవేవీ ఇంకా తీయనే లేదు. ఇన్సూరెన్సు, టైర్లు, పెట్రోలు మాట ఎత్తనే లేదు. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం థర్డ్ పార్టీ ప్రీమియమే వెయ్యి సీసీ లోపు కారుకు ఏడాదికి 2,094 రూపాయలు, 1,500 సీసీ దాటినదానికి 7,897. సొంత బండి నష్టానికి కట్టే ప్రీమియం ధరను బట్టి పెరుగుతుంది కనుక అక్కడ తేడా ఇంకా పెద్దది.

ఇప్పుడు ఆల్టోకు వచ్చిన లక్షన్నరను ఈ చిట్టాలో ఎక్కడ పెడతారు? అది మూడు కిస్తీలకు కూడా చాలదు. 45 లక్షల్లో లక్షన్నర అంటే నూటికి మూడున్నర కూడా కాదు. ఆ డబ్బుతో కొత్త బండి రాదు, అది లేకపోయినంత మాత్రాన కొత్త బండి ఆగిపోదు. 45 లక్షల బండి కొనగలిగినవాడు లక్షన్నర కోసం చిన్న కారును అమ్మడు. లక్షన్నర లేకపోతే కొనలేనివాడు 45 లక్షల బండి జోలికే పోకూడదు. ఎటు తిప్పి చూసినా డబ్బు కోసం ఈ అమ్మకం అవసరం లేదు.

మరి ఎందుకు అమ్ముతున్నారు? నాకు తెలిసి ఒకే కారణం. ఆ చిన్న కారు కనపడకూడదు. మెరిసే కొత్త బండి పక్కన పాత ఆల్టో నిలబడితే, ఈ ఇల్లు నిన్న ఏమిటో వచ్చిపోయేవాళ్లందరికీ తెలుస్తుంది. ఆ నిన్నటిని వాకిట్లోంచి తీసెయ్యడానికి జరిగే అమ్మకమిది. దానికి ఎక్స్‌ఛేంజ్ అని, ప్రమోషన్ అని, తెలివైన బేరమని పేర్లు పెడుతున్నాం. చిన్న కారును అమ్మడం కాదు మనం చేసేది, చిన్నప్పటి చుట్టాన్ని పెండ్లికి పిలవకపోవడం లాంటి పని.

“ఇప్పుడు అమ్మకపోతే రేపు ఆ రేటు కూడా రాదు” అంటారు. నిజమే, రేపు కొంచెం తగ్గుతుంది. అయితే పోయేదంతా ఎప్పుడో పోయింది. షోరూం నుంచి బయటికొచ్చిన మొదటి ఏండ్లలోనే కారు ధర ఎక్కువగా పడుతుంది. లక్షన్నరకు దిగిన బండి వచ్చే ఏడాది పోగొట్టుకునేది వేలల్లో. 45 లక్షల బండి పోగొట్టుకునేది లక్షల్లో. ధర పడిపోతుందన్న భయంతో తక్కువ పడేదాన్ని అమ్మి ఎక్కువ పడేదాన్ని కొనమనడం ఏ వ్యాపార సూత్రమో, నిజామాబాద్ యార్డులో ఏ అడ్తి సేటునైనా అడగండి.

రెండో వాదన చట్టానిది. “పదిహేనేండ్లు దాటితే స్క్రాపే. గవర్నమెంటే ఎత్తుకపోతది” అని పల్లెల్లో బాగా ప్రచారంలో ఉంది. ఢిల్లీ చుట్టుపక్కల కాలుష్యం కారణంగా పదేండ్లు దాటిన డీజిల్ బండ్ల మీద, పదిహేనేండ్లు దాటిన పెట్రోలు బండ్ల మీద జాతీయ హరిత ట్రిబ్యునల్, సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశాలవి. వాటిని తెచ్చి నిజామాబాద్ జిల్లాకు అంటగట్టడం తగదు. మన దగ్గర సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేండ్లకు ముగుస్తుంది. బండి కండిషన్‌లో ఉందని తనిఖీలో తేలితే అయిదేండ్ల చొప్పున మళ్లీ చేస్తారు. ఫీజు పెరిగిన మాట వాస్తవం. 600 రూపాయలున్నది 2022 ఏప్రిల్ నుంచి 5,000 అయింది, ఇరవై ఏండ్లు దాటిన కార్లకు 2025లో 10,000 చేశారు. గ్రీన్ టాక్సు వేరే. అన్నీ కలిపినా మన స్పోర్ట్స్ కారు ఒక్క నెల కిస్తీకి సరితూగవు. 2021 నాటి స్క్రాప్ విధానం కూడా సొంత బండ్ల విషయంలో వయసును కాదు, ఫిట్‌నెస్‌ను చూస్తుంది. ఈ తేడా దాచిపెట్టి భయపెట్టేవాళ్లలో సగం మందికి మీ బండిని చవగ్గా కొట్టేసే ఆలోచన ఉంటుంది.

అసలు ప్రభుత్వం కూడా చిన్న కారు వైపే ఉంది. 2006 బడ్జెట్‌లోనే నాలుగు మీటర్ల లోపు పొడవు, పెట్రోలైతే 1,200 సీసీ లోపు ఇంజనున్న కార్లకు ఎక్సైజ్ సుంకాన్ని 24 నుంచి 16 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి అదే కొలతల చిన్న కార్లకు జీఎస్టీ 18 శాతం, పెద్దవాటికి 40 శాతం. ఈ దేశపు ఇరుకు వీధులకు, ఖరీదైన పెట్రోలుకు ఏది సరిపోతుందో పన్నులు రాసేవాళ్లకు తెలిసింది. మనకే తెలియడం లేదు.

రోడ్డు సంగతి చూద్దాం. మస్టాంగ్ లాంటి కారు 4.8 మీటర్ల పొడవు, 1.9 మీటర్ల వెడల్పు ఉంటుంది. ఆల్టో మూడున్నర మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటర్ల వెడల్పు. కింద నేలకూ బండికీ మధ్య ఆల్టోకు 160 మిల్లీమీటర్ల ఖాళీ. స్పోర్ట్స్ కార్లకు అంత ఉండదు, తక్కువ ఎత్తులో నేలకు అతుక్కుని పోవడమే వాటి గుణం. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ లెక్క ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, పది సెంటీమీటర్ల ఎత్తున, మెల్లగా లేచి మెల్లగా దిగాలి. మా పల్లెల్లో స్పీడ్ బ్రేకర్ ఎలా పుడుతుందో అందరికీ తెలుసు. ఒక యాక్సిడెంట్ అవుతుంది, గ్రామాభివృద్ధి కమిటీ కూర్చుంటుంది, తెల్లారేసరికి రోడ్డుకు అడ్డంగా ఒక సిమెంటు గట్టు లేస్తుంది. దానికి కొలతలుండవు, రంగుండదు. ఆల్టో దాని మీదికి ఒక పక్కకు వాలి, ముందు చక్రం ఎక్కించి, వెనక చక్రం దించి దాటిపోతుంది. నేలబారు కారు పొట్ట ఆ గట్టుకు రాసుకున్నప్పుడు వచ్చే చప్పుడు యజమాని గుండెలో పడుతుంది.

వరి కోతలప్పుడు ఇంకా చూడాలి. ఊళ్ల మధ్య రోడ్డులో సగం దాకా వడ్లు ఆరబోసి ఉంటాయి. కుప్ప అంచున బండ్లు ఎక్కకుండా రాళ్లు పేర్చి, రాత్రికి నల్ల పరదా కప్పుతారు. చీకట్లో ఆ నల్ల పరదా, నల్లటి తారు ఒకటే రంగు. మిగిలిన సగం రోడ్డులో ఎదురుగా వడ్ల ట్రాక్టరు, దాని వెనక లైటు లేని ట్రాలీ. రైతులకు కల్లాలు చాలక అలా చేస్తారు కనుక వాళ్లను అనలేం. ఆ రోడ్డు మీద 400 గుర్రాల బలమున్న ఇంజను ఉన్నవాడూ, 796 సీసీ మూడు సిలిండర్ల ఇంజను ఉన్నవాడూ ఒకే వేగంతో పోతారు. ఎవడు ఎంత పెట్టి కొన్నా ట్రాక్టరు వెనకే పోవాలి. చట్టం ప్రకారమైనా అంతే. కేంద్రం 2018లో పెట్టిన హద్దుల ప్రకారం కారు నాలుగు వరసల రోడ్డు మీద గంటకు 100, మామూలు రోడ్డు మీద 70 కిలోమీటర్లు దాటకూడదు. పెర్కిట్ దగ్గర 44వ నంబరు హైవే ఎక్కినా 100కు మించి లేదు. ఆ వంద ఆల్టో కూడా పోతుంది.

ఇంటి సంగతి ఇంతకంటే ముఖ్యం, ఈ చర్చలో ఎవరూ ఎత్తనిదీ అదే. స్పోర్ట్స్ కారు ఒక మనిషి బండి. చిన్న కారు ఒక ఇంటి బండి. గల్ఫ్ మనిషి సెలవు మీద వచ్చి ఒకట్రెండు నెలలుండి మళ్లీ పోతాడు. ఆయన పోయాక రెండేండ్లు ఆ ఇల్లు ఎలా కదులుతుంది? మా వైపు చాలామంది ఆడవాళ్లు స్టీరింగ్ పట్టింది ఆల్టో మీదే, వ్యాగనార్ మీదే. పిల్లల స్కూలు ఫీజు కట్టడానికి, బ్యాంకులో గల్ఫ్ డబ్బు తీయడానికి, అమ్మగారి ఊళ్లో బతుకమ్మకు పోవడానికి ఎవరినీ అడుక్కోకుండా తాళం తీసుకుని బయల్దేరే ధైర్యం వాళ్లకు ఆ బండే ఇచ్చింది. గీత పడితే పోనీలే అనుకోగలిగే కారు మీదే మనిషి డ్రైవింగ్ నేర్చుకుంటాడు. 45 లక్షల బండి తాళం ఆమెకు ఇస్తారా? ఇయ్యరు. “నీతోని కాదు, ముట్టకు” అంటారు. కారు పెద్దదయింది, ఇంటి ఇల్లాలి తిరుగుడు మాత్రం మళ్లీ ఆటో దాకా కుంచించుకుపోయింది. ఏడాదంతా కవరు కప్పుకుని, బ్యాటరీ దిగిపోయిన కారు షెడ్డులో ఉంటే దాన్ని ఎదుగుదల అనగలమా?

మోకాళ్ల నొప్పులున్న ముసలమ్మ కారెక్కడం గమనించండి. ముందు వెనక్కి తిరిగి సీటు అంచున కూర్చుంటుంది. తలుపు పైభాగం పట్టుకుని కుదురుకుంటుంది. తర్వాత ఒక కాలు, ఆ తర్వాత రెండోది చేతులతో ఎత్తి లోపల పెట్టుకుంటుంది. ఆల్టో వెనక తలుపు దగ్గర ఇది రెండు నిమిషాల పని. రెండు తలుపుల స్పోర్ట్స్ కారులో వెనక తలుపే లేదు. ముందు సీటు మడిచి, నడుము వంచి, ఆ సందులోంచి దూరాలి. ముందు సీటు ఇస్తే? నేలకు జానెడు ఎత్తున ఉన్న సీట్లోకి దిగడం ఒక కష్టం, లేవడం ఇంకో కష్టం. అర్ధరాత్రి ఆయాసం వచ్చి ఆర్మూర్‌కో నిజామాబాద్‌కో తీసుకుపోవాల్సి వస్తే ఆ ఇంటికి ఏ బండి అక్కరకొస్తుంది? శంషాబాద్‌లో కొడుకును దించి రావాలంటే రెండొందల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం. రెండు పెద్ద సూట్‌కేసులు, ఆవకాయ డబ్బాల పెట్టె, సాగనంపడానికి నలుగురు. చిన్న కారు ఎట్లాగో అట్లా అందరినీ సర్దుకుంటుంది.

రిపేరు సంగతి కొద్ది మాటల్లో చెబుతాను. ఆల్టో క్లచ్ వైరు తెగితే ఏ ఊళ్లోనైనా మెకానిక్ ఉన్నచోటే వేస్తాడు. స్పోర్ట్స్ కారు పక్క పలచన టైరు గుంతలో పడి రిమ్ము వంగితే దాన్ని ఫ్లాట్‌బెడ్ మీద ఎక్కించి హైదరాబాద్ పంపాలి. మొదటిది మధ్యాహ్నానికి ఇంటికొస్తుంది. రెండోది పార్టు కోసం కాచుకుంటుంది.

ఇక అవతలివాళ్ల దగ్గరున్న బలమైన వాదన భద్రత. దీన్ని నేను కొట్టిపారెయ్యను. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ మన చిన్న కార్లను గుద్దించి పరీక్షించినప్పుడు ఆల్టో 800, నానో సహా అయిదు కార్లకు ఎయిర్ బ్యాగులు లేని రకాల్లో సున్నా స్టార్లు వచ్చాయి. డ్రైవరు ఎయిర్ బ్యాగును తప్పనిసరి చేసింది 2019లో, పక్క సీటుకూ చేసింది ఆ తర్వాత. పాత చిన్న కారు గట్టి దెబ్బకు తట్టుకోదన్నది నిజం. పిల్లలతో రోజూ హైవే ఎక్కేవాళ్లు ఆ కారణంగా బండి మారుస్తానంటే వాళ్లకు నా మద్దతు. కానీ భద్రత కోసమైతే వెతకాల్సింది ఆరు ఎయిర్ బ్యాగులున్న, మంచి స్టార్లు వచ్చిన నాలుగు తలుపుల మామూలు కారును. 2023 అక్టోబర్ నుంచి మన దేశపు భారత్ ఎన్‌క్యాప్ స్టార్లు కూడా ఉన్నాయి, చూసుకుని పది పన్నెండు లక్షల్లో కొనుక్కోవచ్చు. భద్రత పేరు చెప్పి గంటకు 250 కిలోమీటర్లు పోయే బండి కొనడం మందు పేరు చెప్పి సారా తాగడమే. వేగం రెట్టింపైతే గుద్దుకునే శక్తి నాలుగింతలవుతుంది. 60లో తప్పించుకోగలిగిన వడ్ల కుప్పను 120లో ఏ ఎయిర్ బ్యాగూ తప్పించదు.

అన్నీ ఓడిపోయాక మిగిలేది పరువు. “ఎన్ని చెప్పినా, చిన్న కార్ల దిగితే ఎవడు కుర్చీ ఏస్తడు?” అంటారు. ఈ మాటకు లొంగిపోయి దేశమంతా ఒక మంచి బండిని చంపుకుంది. రతన్ టాటా 2008 జనవరిలో చూపించి, 2009లో అమ్మకానికి తెచ్చిన నానో లక్ష రూపాయల కారు. స్కూటరు మీద నలుగురు వానలో పోవడం చూసి దాన్ని తలపెట్టానని ఆయన చెప్పుకున్నాడు. ఆ బండికి మొదట్లో ఇబ్బందులు లేకపోలేదు, కొన్ని మంటలంటుకున్నాయి కూడా. కానీ ‘అన్నింటికన్నా చవక కారు’ అని ముద్ర వేసి అమ్మడమే దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నాడు. కొనగలిగినవాళ్లు బండిలో లోపం చూసి కాదు, పక్కింటివాళ్లు ఏమనుకుంటారోనని వెనక్కి పోయారు. 2018లో తయారీ ఆగిపోయింది. వానలో తడిసేవాళ్లు మాత్రం ఇప్పటికీ స్కూటరు మీదే తడుస్తున్నారు.

అదే దేశంలో పదేండ్లు ప్రధానిగా చేసిన మన్మోహన్ సింగ్ సొంత కారు మారుతి 800. ఆయన 2024 డిసెంబర్‌లో కన్నుమూసినప్పుడు, ఒకప్పుడు ఆయన భద్రతా దళాన్ని నడిపిన అసీమ్ అరుణ్ ఈ సంగతి గుర్తు చేసుకున్నాడు. ప్రధాని నివాసంలో నల్ల బీఎండబ్ల్యూ వెనక ఆ మారుతి నిలిపి ఉండేదట, తనది అదేనని, కోట్ల కారు ప్రధాని పదవిదని ఆయన అనేవాడట. ఆయనకు ఎవరూ కుర్చీ వేయకుండా లేరు. మారుతి 800 మొదటి తాళాన్ని 1983 డిసెంబర్ 14న ఇందిరాగాంధీ చేతుల మీదుగా అందుకున్న ఢిల్లీవాసి హర్‌పాల్ సింగ్ 2010లో చనిపోయేదాకా ఆ కారును అమ్మలేదు. ఇవాళ కంపెనీ దాన్ని బాగుచేయించి తన ప్రధాన కార్యాలయంలో పెట్టుకుంది. 47,500 రూపాయల ఆ చిన్న కారును ఇప్పుడు డబ్బు పెట్టి కొందామన్నా దొరకదు.

మన నేల ఉదాహరణే కావాలంటే అదీ ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఇంగ్లండ్‌లో ఆర్డరిచ్చిన పసుపు రంగు రోల్స్‌రాయిస్ సిల్వర్ ఘోస్ట్ తయారై వచ్చేలోపే 1911లో ఆయన చనిపోయాడు. ఆ బండి తిరిగింది కొన్ని వందల మైళ్లే. ఇప్పుడు చౌమహల్లా ప్యాలెస్‌లో టికెట్ కొన్నవాళ్లకు కనిపిస్తుంది. ఆయన కొడుకు ఉస్మాన్ అలీ ఖాన్‌ను 1937 ఫిబ్రవరిలో టైమ్ పత్రిక ప్రపంచంలోకెల్లా ధనవంతుడని ముఖచిత్రంగా వేసింది. అదే ఏడు బోధన్‌లో నిజాం చక్కెర కర్మాగారం మొదలైంది. బోధన్‌లో ఇవాళ ఏ ముసలాయననైనా కూర్చోబెట్టి మాట్లాడించండి. రోల్స్‌రాయిస్ మాట రాదు. 2015 డిసెంబర్‌లో మూతపడ్డ ఫ్యాక్టరీ మాటే వస్తుంది, ఆ ఫ్యాక్టరీ ఉన్న శక్కర్‌నగర్‌కు కట్టిన చెరుకు బండ్ల వరస మాటే వస్తుంది. అంత పెద్ద సంపన్నుడిని కూడా జనం నలుగురికి పనికొచ్చిన దానితోనే గుర్తుపెట్టుకున్నారు. మన ఇంటి వాకిట్లో స్పోర్ట్స్ కారును ఎంతకాలం గుర్తుపెట్టుకుంటారు? పక్క ఊళ్లో అంతకన్నా పెద్దది దిగేదాకా.

కమ్మర్‌పల్లి మండలంలోనే కోనసముద్రం ఉంది. ఒకప్పుడు మూసల్లో ఉక్కు కరిగించిన ఊరు. ఆ ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంత దూరం నుంచి వచ్చి, ఇక్కడి కొలిముల దగ్గర నిలబడి సరుకు పరీక్షించి కొనుక్కుపోయేవాళ్లని పాత రికార్డులు చెబుతున్నాయి. వాళ్లు చూసింది లోహం గుణాన్ని. వస్తువును దాని పనితనంతో కొలవడం ఈ ప్రాంతానికి కొత్తగా నేర్పాల్సిన విద్య కాదు.

“సరే, ఉన్నది ఒక్క జన్మే, సరదా తీరొద్దా?” అన్న ప్రశ్న మిగిలింది. తీర్చుకోవాలి. వేగానికి చోటు లేదని నేననను. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ గట్టున 2.8 కిలోమీటర్ల రోడ్డు మూసేసి ఫార్ములా ఈ రేసు పెడితే హైదరాబాద్ జనం ఎగబడి చూశారు. అక్కడ కంచె ఉంది, మార్షల్స్ ఉన్నారు, ఎదురుగా వడ్ల ట్రాక్టరు రాదు. చెన్నై దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో, కోయంబత్తూరు దగ్గర కరి స్పీడ్‌వేలో ట్రాకులున్నాయి. వేగం మీద నిజంగా మోజున్నవాడు అక్కడికి పోయి తనివితీరా తోలవచ్చు. కమ్మర్‌పల్లి, మోర్తాడ్ మధ్య ఆ మోజు తీరదు, ఒకవేళ తీరితే ఎవరి ప్రాణం మీదికో వస్తుంది. తోలడంలోని ఆనందం గుర్రాల లెక్కతో వచ్చేదీ కాదు. 750 కిలోలు కూడా లేని బండిలో గేరు ఎప్పుడు మార్చాలో చెవితో పట్టుకుని, మలుపు ముందు వేగం దించి, దాటాక మళ్లీ అందుకోవడం డ్రైవింగ్. యాక్సిలరేటర్ మీద కాలు పూర్తిగా పెట్టకముందే చట్టం హద్దు దాటే బండిలో డ్రైవరు చేసేదల్లా బండిని పట్టి ఆపడమే.

ఇంత చెప్పాక ఒక మాట నా పక్షంవాళ్లకు కూడా చెప్పాలి. “ఆ కారొచ్చినంకనే మాకు కలిసొచ్చింది, అమ్మితే లక్ష్మి పోతది” అనేవాళ్ల వాదన నాకు అక్కర్లేదు. కారు లక్ష్మి కాదు. అడుగు రేకు తుప్పు పట్టి తెగిపోతుంటే, బ్రేకులు నమ్మలేని స్థితికి వస్తే, పిల్లలు పెరిగి నలుగురి జాగాలో ఆరుగురు కూర్చోవాల్సి వస్తే నిరభ్యంతరంగా అమ్మండి. దండలు వేసి మూలన నిలబెట్టి తుప్పు పట్టించడం కన్నా అవసరమున్న ఇంకో ఇంటికి పోవడమే దానికి మేలు. ఆర్‌సీ మాత్రం కొన్నవాడి పేరు మీదికి మారిందాకా వదలకండి, రేపు ఎక్కడో గుద్దితే పోలీసులు మీ ఇంటికే వస్తారు.

కనుక అమ్మాలా వద్దా అన్న ప్రశ్నను హోటల్ కాడ నలుగురిలో కాదు, ఇంట్లో అడగండి. ఈ కారు పోతే రేపటి నుంచి ఎవరెవరి ఏయే పని ఆగిపోతుందో ఇల్లాలిని, తల్లిని, కాలేజీకి పోయే పిల్లను ఒక్కొక్కరినీ అడగండి. ఎవరి పనీ ఆగదని తేలితే అమ్మండి, నాకేమీ అభ్యంతరం లేదు. ఒక్కరి పని ఆగినా, ఆ తాళం మీ ఒక్కరిది కాదని అర్థం. స్పోర్ట్స్ కారు కొనే స్తోమత ఉంటే కొనండి, అప్పు లేకుండా, మీ సొంత సంపాదనతో, మీ సరదా కోసమేనని ఒప్పుకుని కొనండి. రెండో బండికి లైఫ్ టాక్సు ఎక్కువ పడుతుందంటారా, 45 లక్షలు పెట్టేవాడు ఆ కాస్తకు జంకడం నవ్వులాట. ఆ ఖర్చుకు భయపడి ఇంటి బండిని అమ్మాల్సిన పరిస్థితి ఉంటే, మీకింకా స్పోర్ట్స్ కారు కొనే స్తోమత రాలేదని లెక్క. అప్పటిదాకా ఆల్టోకు ఆయిల్ మార్పించి, కొత్త టైర్లు వేయించి తిప్పండి. డబ్బ కారని ఎవడైనా అంటే, వాడి కిస్తీ ఎంతో అడగండి.